ఎలుగుబంటి మెడమీది జూలు

పనసపుట్టు,
9 ఫిబ్రవరి 2025

నా బంగారుతల్లి బేబికి మీ నాన్న సోమన్న సంబరంగా రాసుకునేది.

నువ్వు కుట్టి పంపిన మందారం అందిందమ్మా. కవరు చింపి బయటికి తీశాను. వాడిపోతుందేమోనని నీళ్ల చెంబు దగ్గరికి తీసుకెళ్లాను. మీ అమ్మ నా చేతిమీద ఒక్కటేసి గుడ్డ లాక్కుంది. "మతి పోయిందేటి, అది దారం" అంది. దారమని నాకూ తెలుసు. కానీ ఆ ఎరుపు అంచున ముదురుగా మొదలై లోపలికి వచ్చేసరికి ఎక్కడ లేతబడిందో ఎంత వెతికినా దొరకలేదు. గీత లేదు, అతుకు లేదు. అయిదో తరగతి చదివిన సోమన్న కూతురు దారంతో రంగులు వేస్తోంది. ఈ మాట రోజూ పైకి అనుకుంటున్నాను తల్లీ.

శుక్రవారం అరకు సంతకి చొక్కా లోపల పెట్టుకుని వెళ్లాను. కొండచీపుర్లు అమ్ముడుపోయాయో లేదో నాకు గుర్తులేదు, మందారం మాత్రం సంతంతా చూసింది. బట్టల కొట్టు షావుకారు "ఏ మిల్లు ప్రింటు ఇది?" అన్నాడు. గుడ్డ తిరగేసి వెనక కుట్లు చూపించాను. వేలితో తడిమి మళ్లీ తిరగేశాడు.

నీ కుట్టు ట్రైనింగు పరీక్షకి ఒక బొమ్మ సొంతంగా కుట్టాలనీ, బాగా కుట్టినవాళ్లలో ఒకరిని అరకులో పెట్టే కొత్త సెంటరుకి టీచరుగా పంపుతారనీ రాశావు. నెగ్గకపోతే బట్టల కంపెనీలో మిషను ముందు కూర్చోవాలనీ రాశావు. ఆ రెండో మాట మీ అమ్మకి చదివి వినిపించలేదు. నువ్వు అరకు టీచరువే. ఇప్పుడే అందరికీ చెప్పేశాను.

ఊళ్లో ఒక కబురు. ఎలుగు మళ్లీ దిగింది. సర్వేశ్వరరావు గారి కుక్కని పనస చెట్టు కింద నిలువునా చీల్చింది. పేగులు కంచెకి వేలాడాయి. ఆయన ఊరి పెద్ద కదా, కుక్క పోయిన పరువు ఎలుగుమీద తీర్చుకుంటానంటున్నాడు.

ఫోను చెయ్యకు. సిగ్నలు కోసం కొండమీది బండ ఎక్కేసరికి ఆయాసం, విన్నమాట దిగేసరికి మరుపు. ఉత్తరమైతే పదిసార్లు చదువుకుంటాను. రవిబాబు జీపులో తెచ్చి ఇస్తాడు.

నీ వల్ల సంతలో తలెత్తుకు తిరిగే
మీ నాన్న


హైదరాబాదు,
20 ఫిబ్రవరి

నాన్నకి, అమ్మకి బేబి దండాలు.

నువ్వు ఇంకా రాని ఉద్యోగానికి ఊరంతా చాటింపు వేశావని రవిబాబన్న ఫోనులో చెప్పి నవ్వాడు. కాస్త ఆగు నాన్నా.

రంగు ఎక్కడ మారిందో దొరకలేదని రాశావు కదా. ఆరు పోగుల దారంలోంచి ఒక్క పోగే లాగి సూదికి ఎక్కిస్తాం. అంచు వెంబడి ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. బయట అంచు సమంగా ఉంటుంది, లోపలి వైపు ఎగుడుదిగుడుగా ఉంటుంది. రెండో వరస ఆ కుట్ల కొసల్ని చీల్చుకుంటూ పైకి రావాలి. అందుకే రంగు ఎక్కడ మారిందో దొరకదు. జంతువు బొచ్చయితే మన గడ్డి ఇల్లు కప్పినట్టే. చూరు దగ్గర మొదలుపెట్టి, ఒక వరస మీద ఒక వరస వాల్చుకుంటూ పైకి పోవాలి. గడ్డి ఎటు వాలితే నీళ్లు అటు జారినట్టు, కుట్టు ఎటు వాలితే చూపు అటు జారుతుంది. ఒక్క కుట్టు అడ్డం తిరిగినా జంతువు చచ్చినట్టు కనబడుతుంది.

మా హేమలత మేడం ఒకటే మాట అంటారు. "చెయ్యి తడిమి చూడనిదాన్ని సూది కుట్టలేదు." ఇక్కడ అందరూ నెమళ్లు, గులాబీలు పట్టుకున్నారు. నేను ఎలుగుబంటి కుడతానన్నాను. అనూష, వరలక్ష్మి అని మా గదిలో ఇద్దరున్నారు, కింద మైదానం ఊళ్లవాళ్లు. "అదేం ఎంపిక, నల్లగా ముద్దలా" అని నవ్వారు. నలుపులో ఎన్ని నలుపులుంటాయో వాళ్లకి చూపించాలి.

ఫోటోల్లో ఒళ్లంతా తెలుస్తోంది, మెడ దగ్గర మాత్రం జూలు చిక్కులుగా ఉంది. అది ఎటు వాలుతుంది నాన్నా? ఎవరినైనా అడిగి రాయి.

నీ కూతురు
బేబి


పనసపుట్టు,
6 మార్చి

నా తల్లి బేబికి,

నువ్వు నన్ను ఒక ప్రశ్న అడిగావు. హైదరాబాదులో చదువుకునే పిల్ల, కొండమీది ముసలోణ్ణి అడిగింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్ము.

పొద్దున్నే మంగ్లు ఇంటికి వెళ్లాను. ఎలుగు చేతిలో పడి బతికినవాడు మన ఊళ్లో వాడొక్కడే కదా. దాని జూలు ఎటు వాలి ఉంటుందిరా అని అడిగాను. వాడు ఉన్న ఒక్క చెవీ నావైపు తిప్పి, "ఏటీ?" అన్నాడు. మళ్లీ అడిగాను.

"ఓరి సోమన్నా, అది నా సెవి నములుతుంటే నాను దాని జుట్టు దువ్వుతానేట్రా?" అన్నాడు.

"తగిలి ఉంటది కదా, గుర్తు సేసుకో."

"గుర్తున్నది కంపు. చీమల పుట్ట, కుళ్లు పనసపండు కలిపిన కంపు. అది కుట్టమను నీ గుంటని."

వాడి పెళ్లాం గంజి పోసి, వాడి తలమీద చర్మం ఎలా వెనక్కి టోపీలా లేచిపోయిందో, దాన్ని అరిచేత్తో అదిమిపెట్టి ఆసుపత్రిదాకా ఎలా నడిపించిందో మళ్లీ చెప్పింది. వంద సార్లు విన్న కథే. ఈసారి నేను నీకోసం విన్నాను. కానీ జూలు సంగతి ఆమెకీ తెలియదు.

అందుకని నేనే చూడటం మొదలుపెట్టాను. కంగారుపడకు. కాఫీ తోట పైన రెండు బండల మధ్య సందు ఉంది కదా, అదే దాని ఇల్లు. ఎదురు గట్టున చెట్టెక్కి కూర్చుంటాను. పొద్దు వాలాక వస్తుంది. చీమల పుట్టని గోళ్లతో పగలగొట్టి మూతి పెట్టి పీలుస్తుంది, ఆ చప్పుడు మన పిండిమరలా ఉంటుంది. వీపు నలుపు కాదమ్మా, కొసలు ఎండిన పొగాకు రంగు. మూతి బూడిద. రొమ్ము మీద తెల్లటి గీత, రెండు కొమ్మలుగా. గోళ్లు నీ వేళ్లంత పొడవు, దంతం రంగు. ముళ్లకి చిక్కిన వెంట్రుకలు ఈ కవరులో పెట్టాను.

మెడ మాత్రం చీకటిగా ఉండి తెలియలేదు. దొరక్క పోదు.

నీ ప్రశ్నని జేబులో పెట్టుకు తిరిగే
నాన్న


హైదరాబాదు,
17 మార్చి

నాన్నకి,

వెంట్రుకలు చూసి అనూష మంచం ఎక్కేసింది. మేడం మాత్రం కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో చాలాసేపు చూశారు. నువ్వు చెప్పిన పొగాకు రంగు కోసం మూడు దారాలు కలిపాం. వీపు అయింది, నడుము అయింది. వీపు మీద చెయ్యి వేస్తే కదులుతుందేమో అనిపిస్తోంది నాన్నా, నిజం.

మెడ దగ్గరే ఆగిపోయాను. అంతా వెనక్కి వాల్చి కుట్టాను. మేడం చూసి, "ఇది ఎలుగు కాదు, దువ్విన మేక" అని కత్తెరతో విప్పించేశారు. మళ్లీ కుట్టాను. మళ్లీ విప్పించారు. గుడ్డ పల్చబడుతోంది, ఇంకోసారి విప్పితే చిరుగుతుంది. దాన్ని బాగా దగ్గరగా చూసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారేమో కనుక్కో. నువ్వు మాత్రం చెట్టు దిగకు. ఇప్ప పూలు రాలే కాలం, అది తాగినట్టుంటుంది. నీతో ఒట్టు వేయించుకోమని అమ్మకి చెప్పు.

బేబి


పనసపుట్టు,
29 మార్చి

బేబికి నాన్న రాసేది.

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. స్వర్ణ పోయింది తల్లీ. నీతో బడికి వచ్చిన స్వర్ణే. నీ జడ పట్టుకుని లాగితే నువ్వు కొరికిన స్వర్ణ.

తెల్లారక ముందు ఇప్ప పూలు ఏరడానికి వెళ్లింది. వంగి ఏరుకుంటోంది, అదీ అవతలి వైపు నుంచి వంగి తింటోంది. ఒకరినొకరు చూసుకోలేదు. కేక విని మేం వెళ్లేసరికి బుట్ట పక్కన కూర్చునే ఉంది. కూర్చుందని అనుకున్నాం. ముఖం లేదమ్మా. నుదుటి నుంచి గడ్డం దాకా లేదు. ఊపిరి మాత్రం బుడగలుగా వస్తోంది. డోలీ కట్టి రోడ్డుమీదికి మోసుకెళ్లాం. జీపు ఎక్కించే లోపే బుడగలు ఆగిపోయాయి. ఇద్దరు పిల్లలు. చిన్నవాడు బుట్టలో పూలు తింటూ కూర్చున్నాడు.

వచ్చే నెల ఇటుకల పండగకి మగాళ్లంతా వేటకి వెళ్లడం మామూలే కదా. ఈ మధ్య కుందేలో, అడవికోడో తెచ్చి అయిందనిపిస్తున్నారు. ఈసారి సర్వేశ్వరరావు గారు ఎలుగే వేట అన్నాడు. ఫారెస్టు వాళ్లకి కబురు పెడదామని నేనన్నాను. "ఆళ్లొచ్చి బోను ఎట్టేసరికి ఇంకో ఇద్దరు పోతారు. దాని ఇల్లు నీకు తెలుసంట గదా, సూపించు" అన్నాడు. స్వర్ణ మొగుడు ధనరాజు నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. నన్నే చూస్తూ నిలబడ్డాడంతే. చెప్పేశాను.

వేట నుంచి ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు కుమ్మరిస్తారని నీకు తెలుసు. మీ అమ్మ ఇప్పటినుంచే కుండ కడుగుతోంది.

ఇంత దుఃఖంలోనూ నీ పని నేను మరిచిపోలేదు. చచ్చిపడ్డాక దాని మెడ నేను తడిమి చూస్తాను. చెయ్యి తడమాలన్నారు కదా మీ మేడం. నీ చెయ్యి రాలేదు కాబట్టి నా చెయ్యి. అరకు టీచరువి అవుతావు.

నాన్న


హైదరాబాదు,
5 ఏప్రిల్

నాన్నా,

స్వర్ణ మాట చదివాక రెండు రోజులు ఫ్రేము ముట్టుకోలేదు. తర్వాత ఎలుగు గుడ్డ తీసి పెట్టె అడుగున పడేశాను. దాన్ని నేను కుట్టను. దాని గోళ్లకి దంతం రంగు వెతుకుతూ ఆనందపడ్డానే అన్న బాధ చెయ్యి కడుక్కున్నా పోవడం లేదు.

కొత్త గుడ్డ మీద కాఫీ పువ్వు మొదలుపెట్టాను. తెలుపు మీద తెలుపు. మేడం సరే అన్నారు. కాఫీ పువ్వుని నేను చిన్నప్పటినుంచీ తడిమాను, ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.

కాబట్టి నువ్వు ఆ బండల దగ్గరికి వెళ్లకు. వేటకీ వెళ్లకు. దాని మెడ నాకు అక్కర్లేదు. రవిబాబన్నకి రెండు రోజులుగా చేస్తున్నాను, సిగ్నలు దొరకడం లేదు. ఈ ఉత్తరం అందగానే అన్న ఫోనులోంచి ఒక్క మాట చెప్పించు. పండగ లోపల అందాలని ఈరోజే పోస్టు చేస్తున్నాను.

బేబి


విశాఖపట్నం ఆసుపత్రి,
22 ఏప్రిల్

నా బంగారుతల్లికి,

దవడ కట్టేశారు, మాట్లాడలేను. అందుకే నిన్న నువ్వు ఫోను చేస్తే మీ అమ్మ పట్టుకుని ఏడ్చింది గానీ నేను పలకలేదు. చేతులు బాగున్నాయి. ఒక కన్ను బాగుంది. ఉత్తరానికి అంతకంటే ఏం కావాలి. నువ్వు రావద్దు. వస్తే పరీక్ష పోతుంది. పరీక్ష పోతే నేను ఊరికే చీలినట్టవుతుంది.

జరిగింది చెబుతాను విను. డప్పులతో వెళ్లాం. నన్ను బండ వెనక సన్న సందు దగ్గర నిలబెట్టారు, అటు రాదులే అని. ముందు వైపు గడ్డి అంటించి పొగ పెట్టారు. అది పొగలోంచి రాలేదు. నా సందులోంచి వచ్చింది. నా పక్కన ధనరాజు ఉన్నాడు, బల్లెం ఎత్తాడు. అది ఎత్తిన చెయ్యిని చూడలేదు, తొడని పట్టుకుంది. పాత దుప్పటి చింపిన చప్పుడయింది. మాంసం మడత విప్పినట్టు కిందికి జారింది. వాడు పడ్డాడు, అది వాడి ముఖంమీదికి వంగింది. ఇప్పటికే ఆ ఇంట్లో ఒక ముఖం పోయింది కదమ్మా. డప్పు దాని తలమీద పగలగొట్టాను.

తిరిగింది. ఒక్కటే దెబ్బ. నొప్పి లేదు, వేడినీళ్లు పోసినట్టు అయింది. ఎడమవైపు వెలుగు ఆరిపోయింది. దవడ విరిగిన చప్పుడు లోపలినుంచి విన్నాను. రెండో దెబ్బ తగలకుండా దాని మెడ పట్టుకున్నాను. చేతులు మోచేతులదాకా జూలులోకి దిగిపోయాయి.

అప్పుడు తెలిసింది తల్లీ. రాసుకో. చెవుల వెనక ఒక సుడి ఉంది. అక్కడినుంచి ఒక పాయ వెనక్కి భుజాలమీదికి పోతుంది. ఇంకో పాయ ముందుకి, గొంతుమీదికి వాలుతుంది. మనం అంతా వెనక్కే అనుకున్నాం, అదీ తప్పు. పైన గరుకు, లోపల పిల్లికూన ఒళ్లులా మెత్తన. దాని నోరు నా నెత్తిమీద ఉంది, మంగ్లు చెప్పిన కంపు నిజమే. అయినా నాకు మాత్రం, దొరికింది, దొరికింది అనే అనిపించింది. సర్వేశ్వరరావు గారు పొగలోంచి బాణం వేశాడు. అది నన్ను విదిలించి, తుంటిలో బాణంతో అడవిలోకి పోయింది.

ఇద్దరినీ రెండు డోలీల్లో దించారు. ఊరి మొదట్లో ఆడవాళ్లు కుండలతో నిలబడి ఉన్నారు. "ఏటి తెచ్చారు?" అని అడగాలి కదా, అడిగారు. మీ అమ్మ నన్ను చూసింది. కుండ దించకుండా తిన్నగా వెళ్లి సర్వేశ్వరరావు గారి నెత్తిన కుమ్మరించింది. "అడివికి నా మొగుణ్ణి మేతెట్టొచ్చావా" అంది. ఊరి పెద్ద అలా పేడ కారుతూ నిలబడ్డాడు, తుడుచుకోలేదు. మిగతా మగాళ్లందరి మీదా, ధనరాజు డోలీమీద కూడా పేడనీళ్లు పడ్డాయి. చివరికి మీ అమ్మ రెండో కుండ పట్టుకుని నా డోలీ దగ్గరికి వచ్చింది. "నువ్వేటి తెచ్చావు?" అంది. నోరు రాదు. పిడికిలి ఎత్తాను. వేళ్ల మధ్య నల్లటి జూలు, రక్తం కట్టి ఉంది. మీ అమ్మ కుండ కింద పెట్టేసింది. ఆరోజు పనసపుట్టులో తడవని మగాణ్ణి నేనొక్కణ్ణే.

ఆసుపత్రిలో నర్సమ్మ వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. పారేయబోతే సైగ చేసి అడిగి తీసుకున్నాను. మీ అమ్మ కడిగి ఆరబెట్టింది. ఈ పొట్లంలో ఉంది. కుదురు ఎటో కొస ఎటో తెలియాలని దారం కట్టాను.

నీ కాఫీ పువ్వు ఉత్తరం మొన్న వచ్చింది. పండగకి రోడ్లమీద ఆడవాళ్లు వెదుళ్లు అడ్డం పెట్టి బళ్లు ఆపి డబ్బులడుగుతున్నారని రవిబాబు జీపు తీయలేదట. ఉత్తరం జీపులోనే పడుకుంది. చదివి నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి. రవిబాబుని తిట్టకు, వాడు మంచం పక్కన కూర్చుని రెండు పూటలూ ఏడుస్తున్నాడు.

ఇంత జరిగాక నువ్వు కాఫీ పువ్వు కుడితే మాత్రం నేను ఊరుకోను.

ఒంటికన్ను, నిండు సంతోషం,
నాన్న


హైదరాబాదు,
28 ఏప్రిల్

నాన్నా,

నీ సంతోషం నాకు అర్థం కావడం లేదు. నీ ఉత్తరం పరుపుమీద విసిరికొట్టాను. వద్దని రాశాను. నువ్వు కన్ను పోగొట్టుకుని, అది పెద్ద బహుమతి అన్నట్టు పొట్లం కట్టి పంపావు. నేను అడిగినందుకే వెళ్లావు. ఇక జన్మలో నిన్ను ఏమైనా అడగాలంటే నోరు వస్తుందా నాకు?

పొట్లం విప్పి ముందు నేనే తడిమాను. తర్వాత మేడంకి ఇచ్చాను. ఆమె కుదురు నుంచి కొసదాకా వేలు జార్చి చూశారు. ఎలుగు గుడ్డ మళ్లీ తీశాను. నువ్వు చెప్పిన సుడి దగ్గర మొదలుపెట్టాను. ప్రతి కుట్టూ దాని గొంతులోకే. స్వర్ణకి ఒకటి, నీ కంటికి ఒకటి, ధనరాజు బావ కాలికి ఒకటి. దారం అంత గట్టిగా లాగాను, వేలు చీరుకుపోయింది, అయినా ఆపలేదు. సాయంత్రానికి గుడ్డ ముడుచుకుపోయింది. మేడం వచ్చి సూది లాక్కున్నారు. "నువ్వు కుట్టడం లేదమ్మా, పొడుస్తున్నావు" అన్నారు. నిజమే. పొడిచాను. చచ్చిపోయిన ఎలుగులా ఉంది.

జూలు వరకూ విప్పి నెమ్మదిగా మళ్లీ కుడుతున్నాను. గుడ్డ ఇంకా నిలిచే ఉంది, ఎలాగో. ఇక కళ్లు మిగిలాయి. పరీక్ష దగ్గరికొచ్చింది. ఇదే ఆఖరి ప్రశ్న, దీనికి నువ్వు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. అది నీమీద ఉన్నప్పుడు దాని చూపు ఎలా ఉంది? కోపంగా కుట్టాలా?

బేబి


పనసపుట్టు,
5 మే

బేబికి,

తిట్టావు. మీ అమ్మ కూడా అచ్చం ఇలాగే తిడుతోంది. ఇద్దరూ తిడుతున్నారంటే నేను బతికి ఉన్నట్టే. ఇంటికి వచ్చేశాను. ధనరాజు కర్రతో నడుస్తున్నాడు. ఫారెస్టు వాళ్లు సర్వేశ్వరరావు గారిమీద కేసు రాసి, బండల దగ్గర బోను పెట్టారు.

నువ్వు అడిగినందుకే వెళ్లానని రాశావు. అది నీ తప్పు కాదమ్మా. ఈ ముసలోణ్ణి ఇన్నేళ్లలో ఎవరూ ఏమీ అడగలేదు. నువ్వు అడిగావు. అడగడం ఆపితే ఈ దెబ్బ కంటే అదే పెద్ద దెబ్బ.

చూపు సంగతి. పొగలో ఎవరూ చూడలేదు, నేనొక్కణ్ణే చూశాను. ఎవరికీ చెప్పలేదు, చెబితే మళ్లీ బల్లేలు తీస్తారు. దాని వీపుమీద పిల్ల ఉంది. చిన్న పిల్ల, కుందేలంత. నేను ముందునుంచి మెడ పట్టుకున్నట్టే, అది వెనకనుంచి వీపు జూలు రెండు పిడికిళ్లతో పట్టుకుని ఉంది. మధ్యలో తల్లి. నేను లాగుతున్నాను, అదీ లాగుతోంది. తల్లి కళ్లు నామీద లేవు. చెవులూ కళ్లూ వెనక్కి తిరిగి ఉన్నాయి. పిల్ల జారిందేమోనని.

అలాగని దాన్ని అమ్మవారిని చెయ్యకు. స్వర్ణ పిల్లలు మా ఇంట్లోనే అన్నం తింటున్నారు, చిన్నవాడు నిద్రలో ఉలిక్కిపడతాడు. ఎలుగు ఎలుగే. ఉన్నది ఉన్నట్టు కుట్టు.

నాన్న


హైదరాబాదు,
26 మే

నాన్నకి, అమ్మకి,

పరీక్ష అయింది. వరసగా చెబుతాను, మధ్యలో లేచి ఊరిమీదికి పరిగెత్తకు.

వీపుమీద పిల్లని పెట్టాను. దాని పిడికిళ్ల దగ్గర తల్లి జూలు ముడతలు పడాలి, ఆ రెండు పిడికిళ్లకే వారం పట్టింది. కళ్లు వెనక్కి తిప్పాను. మెడమీది సుడి నువ్వు చెప్పినట్టే. గొంతు దగ్గర మాత్రం పిడికెడు మేర కుట్టకుండా వదిలేశాను.

పరీక్ష చేసే పెద్దాయన కళ్లజోడు సరిచేసుకుని చూశారు. మూతి తడిమారు, మెడ తడిమారు. వేలు ఖాళీ దగ్గర ఆగింది. "ఇక్కడ పూర్తి చెయ్యలేదేం?" అన్నారు.

"పూర్తయింది సార్. అక్కడి జూలు మా నాన్న చేతికి వచ్చేసింది" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. నేను విడమర్చలేదు. మార్కులు తగ్గించారు. మూడో స్థానం వచ్చింది. మొదటిది అనూషకి, రెండోది వరలక్ష్మికి. అరకు ఉద్యోగం వరసలో ముందు వాళ్లకే చూపించారు. అనూష నా గుడ్డవైపు చూసింది. నెలంతా పడుకునేముందు దాన్నే చూసి పడుకుంది పాపం. "మేడం, అక్కడ ఇవి తిరుగుతాయట. నేను పోను" అంది. వరలక్ష్మి అయితే ఘాటు రోడ్డు పేరు వినగానే తల అడ్డంగా ఊపింది.

అలా నాకు వచ్చింది నాన్నా. బాగా కుట్టినందుకు కాదు, భయపెట్టేలా కుట్టినందుకు. జూన్ మొదటివారంలో విశాఖ నుంచి కిరండూల్ రైలుకి అరకు వస్తున్నాను. ఇప్పుడు లేచి పరిగెత్తు.

నీ అరకు టీచరు
బేబి


పనసపుట్టు,
1 జూన్

అరకు టీచరమ్మ గారికి, ఆవిడ తండ్రి సోమన్న ఒంటి కంటితో, రెండు కళ్ల నీళ్లతో రాసుకునేది.

పరిగెత్తాను. దవడ కట్టు విప్పేశారు కాబట్టి కేక కూడా వేశాను. సంతలో షావుకారుకి చెప్పాను, రైల్వే గేటు వాడికి చెప్పాను, కేసు రాసిన ఫారెస్టు గార్డుకీ చెప్పాను. మూడో స్థానం అని ఎవరికీ చెప్పలేదు.

మంగ్లు మొన్న వాగు అవతల దాన్ని చూశాడట. కుంటుతోంది, కానీ బతికే ఉంది. పిల్ల పక్కన నడుస్తోంది. "గొంతుకాడ బోడిగుంది, సోమన్నా. ఎవుడో పీకేసినట్టుంది" అన్నాడు. ఎవడు పీకాడో వాడిచేత నాలుగు సార్లు చెప్పించాను. అది బోనులో పడలేదు. వాగు దాటి పై అడవికి పోయిందని గార్డు అన్నాడు. ఇప్ప చెట్ల కిందికి ఇప్పుడు ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లడం లేదు, డప్పు కొట్టుకుంటూ వెళ్తున్నారు. ధనరాజు ముందు నడుస్తాడు.

ఒక్క మాట ముందే చెబుతాను. రైలు దిగి నన్ను చూసి బెదరకు. ఎడమవైపు కన్ను లేదు, నుదుటి నుంచి పెదవిదాకా కుట్లు. డాక్టరు గారు మంచివాడు, ప్రాణం నిలబెట్టాడు. కానీ కుట్లన్నీ ఒకే పొడవు, గట్టు వేసినట్టు లేచి కనబడుతున్నాయి. నీలా ఒకటి పొడుగు, ఒకటి పొట్టి వేసి ఉంటే అతుకు దొరికేది కాదు. ఆయనతో అన్నాను. నవ్వి, మీ అమ్మాయిని పంపండి అన్నాడు.

మీ అమ్మ గుమ్మంలో కుండ పెట్టుకుని కూర్చుంది. పేడ కూడా కలిపింది. ఇన్ని నెలలు పోయి ఉత్త చేతులతో దిగితే కూతురని చూడనంటోంది. కాబట్టి ఆ ఎలుగుని పెట్టెలో పెట్టకుండా చేతిలో పట్టుకుని దిగు.

ఇంటికి వచ్చాక ముందు నాకివ్వు. ఆ ఖాళీమీద నా పిడికిలి పెట్టి చూసుకోవాలి, సరిపోయిందో లేదో.

మీ నాన్న
సోమన్న